ముప్పై చుట్లు

సోమవారం పొద్దున కూతురితో పాటు వచ్చిన అల్లుడు చెప్పులు విడవకముందే, శుక్రవారం తనకు ఇంటర్వ్యూ ఉందని చెప్పాడు. బడిలో సైన్సు టీచరు ఉద్యోగం. నాలుగు ప్రశ్నలడిగి పంపించే ఇంటర్వ్యూ కాదట. పిల్లలకు చెప్పినట్టు పాఠం చెప్పాలి, పాఠంతో పాటు ఏదో ఒకటి చేసి చూపించాలి. చూపించేది ఇంట్లో సొంతంగా తయారు చేసిందై ఉండాలి, కొనుక్కొచ్చింది పనికిరాదు.

"ఏం చేద్దామనుకుంటున్నారు అల్లుడుగారూ?" అన్నారు మామగారు.

"తీగ లేకుండా బల్బు వెలిగిస్తాను మామయ్యగారూ."

మామగారు స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టి ఆలోచించారు. "తీగ ఉంటేనే సరిగ్గా వెలగని రోజులు" అన్నారు చివరికి. ఆ మాటకు తనే నవ్వుకుని, వెంటనే అల్లుడి ముందు నవ్వకూడదని గుర్తొచ్చి దగ్గారు.

అల్లుడు ఆరేళ్లు ట్యుటోరియల్లో పాఠాలు చెప్పాడు. బోర్డు మీద కాయిల్ బొమ్మ గీస్తే అచ్చు పుస్తకంలో ఉన్నట్టే ఉండేది. రెండు నెలల క్రితం ట్యుటోరియల్ మూసేశారు. అప్పటి నుంచి అతను ఇంట్లో గోడ గడియారానికి కూడా పాఠం చెప్తున్నాడని కూతురు చెప్పింది. ఈ ఉద్యోగం వస్తే బతుకు గాడిలో పడుతుంది. రాకపోతే బంధువులాయన పెట్టిన పరుపుల కొట్లో కూర్చోవాలి. పరుపులు అమ్మడానికి అల్లుడికి ఉన్న అభ్యంతరం ఒక్కటే, మధ్యాహ్నం నిద్ర ఆపుకోవడం కష్టమని.

ఇంటర్వ్యూ ఈ ఊళ్లోనే. రాగితీగకు కూడా ఈ ఇంట్లో కొదవ లేదు. ముందు గది మోటార్ల రిపేరు షాపు. మామగారు అక్కడ ఉన్న ఒకే ఒక్క కుర్చీలో కూర్చుని మోటార్లు విప్పుతారు, బిగిస్తారు, మాట్లాడతారు. ఆ మూడింట్లో మాట్లాడటమే ఆయనకు బాగా వచ్చిన పని. వెనక గదిలో పీట మీద కూర్చుని అత్తగారు కాయిళ్లు చుడుతుంది. కాలిపోయిన తీగను తెంపి, కొత్త తీగను చెక్క అచ్చు మీద లెక్కగా చుట్టి, మోటారు లోపలి ఇనుప పళ్ల మధ్య ఒక్కొక్క కట్టగా దించుతుంది. ఇరవై ఆరేళ్లుగా అదే పని. ముందు గదిలో ఎవరైనా "భలే చుట్టారండీ మేస్త్రీగారూ, మూడేళ్లయినా చెక్కుచెదర్లేదు" అంటే, "ఏదో, మన చెయ్యి అలాంటిది" అంటారు మామగారు. ఆ 'మన'లో తన వాటా ఎంతో అత్తగారు ఎప్పుడూ అడగలేదు. వెనక గదిలో లెక్క తప్పకుండా ఉంటే చాలు.

"అత్తయ్యగారూ, సన్న తీగ కొంచెం కావాలి" అంటూ అల్లుడు గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"ఎంత లావు, ఏ గేజిది బాబూ?"

"ఏదైనా ఫర్వాలేదండీ."

ఏదైనా ఫర్వాలేదన్న మాట ఆ గదిలో అంతకుముందు ఎవరూ అనలేదు. అత్తగారు మూడు రీళ్లు చూసి, మధ్యది తీసి ఇచ్చింది.

అల్లుడు మధ్య గదిలో బల్ల మీద కాగితం పరిచాడు. దాని మీద రెండు కాయిళ్ల బొమ్మలున్నాయి. మొదటిదానికి మధ్యలో ఒక కొస బయటికి లాగాలి. పదిహేను చుట్లు, ఒక కొస, మళ్లీ పదిహేను చుట్లు. దానికి తొమ్మిది వోల్టుల చిన్న బ్యాటరీ, మూడు కాళ్ల ట్రాన్సిస్టరు ఒకటి. రెండో కాయిల్‌కు బియ్యపు గింజంత బల్బు, అంతే. మొదటిదాని మీద రెండోదాన్ని గాల్లో పట్టుకుంటే బల్బు వెలగాలి.

గాజు గ్లాసుకు తీగ చుట్టడం మొదలుపెట్టాడు. పదిహేను చుట్లయ్యాక కొస లాగి, గ్లాసు కింద పెట్టి, కాఫీ తాగాడు. తాగి, గ్లాసు తిరగేసి పట్టుకుని మిగతా పదిహేను చుట్టాడు. కత్తెరతో కొసలు కత్తిరించి, బ్యాటరీకీ ట్రాన్సిస్టరుకూ ముచ్చటగా మెలిపెట్టాడు.

గుమ్మంలోంచి చూస్తున్న అత్తగారికి ఒళ్లంతా జెర్రులు పాకినట్టయింది. రాగితీగ మీద కంటికి కనపడని వార్నిష్ పూత ఉంటుంది. కొసల దగ్గర దాన్ని గీకి పారేయకపోతే కరెంటు లోపలికి అడుగుపెట్టదు. అల్లుడు ఒక్క కొస కూడా గీకలేదు. అది చాలదన్నట్టు కాఫీకి ముందు ఇటు చుట్టి, కాఫీ తర్వాత అటు చుట్టాడు.

"తప్పు బాబూ" అనడానికి నోరు తెరిచింది. ఎదురుగా ఉన్నది అల్లుడు. పెళ్లయి పట్టుమని ఏడాది కాలేదు. పైగా ఈ పాఠాన్నే ఆరేళ్లు చెప్పినవాడు. తెరిచిన నోటితో, "ఇంకొంచెం కాఫీ ఇవ్వమంటారా?" అంది.

*

మంగళవారం సాయంత్రానికి కూడా బల్బు వెలగలేదు.

అల్లుడు కాయిల్ మీద కాయిల్ పెట్టాడు, పక్కన పెట్టాడు, తలకిందులుగా పెట్టాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. కిటికీ దగ్గరికి ఎందుకని కూతురు అడిగితే, "చూడ్డానికి" అన్నాడు. ఏం చూడ్డానికో చెప్పలేదు.

"మామయ్యగారూ, మీరు ఒకసారి చూడండి" అన్నాడు చివరికి. "మీరు ఇన్నేళ్లుగా చుడుతున్నారు కదా."

మామగారు పనిముట్లన్నీ దించి, చేతులు తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని వచ్చారు. కాయిల్‌ను చేతిలోకి తీసుకుని తూకం చూస్తున్నట్టు ఎగరేశారు. చెవి దగ్గర పెట్టుకున్నారు. అత్తగారు అన్నం గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది. ఇప్పుడైనా 'మా ఆవిణ్ణి పిలుద్దాం' అంటారేమోనని చూసింది.

"బ్యాటరీ వీకు" అన్నారు మామగారు.

"కొత్తదండీ."

"కొత్తదే. కానీ చిన్నది. ఇంత పనికి అంత బ్యాటరీయా? తాబేలు మీద తబలా మోసినట్టు." అలాంటి సామెత ఉందో లేదో ఎవరూ అడగలేదు. షాపులో రిపేరుకొచ్చిన మోటారుసైకిలు బ్యాటరీ ఒకటి ఉంది. ఇద్దరూ కలిసి దాన్ని మోసుకొచ్చి బల్ల మీద పెట్టారు. కొసలు తగిలించారు. బల్బు వెలగలేదు. ఏదీ వేడెక్కలేదు, వాసన రాలేదు, బల్ల మీద చీమ కూడా చలించలేదు.

"చూశారా, ఎక్కడా వేడి లేదు. అంటే సర్క్యూటు చాలా బాగా చేశారన్నమాట" అన్నారు మామగారు.

అల్లుడు సంతోషించాలో వద్దో తెలియక తల ఊపాడు.

చెప్పకుండా చెప్పే దారులు అత్తగారు వెతికింది. మొదట, కాఫీతో పాటు చిన్న గరుకు కాగితం ముక్క తీసుకెళ్లి కాయిల్ పక్కన పెట్టింది. అల్లుడు "థాంక్సండీ" అని కాఫీ గ్లాసును దాని మీద పెట్టుకున్నాడు. తర్వాత, తను తీగలు గీకే బ్లేడు పెట్టి వచ్చింది. అల్లుడు దాంతో పెన్సిలు చెక్కి, కాగితం మీద బొమ్మను మళ్లీ గీశాడు, ఈసారి ఇంకా అందంగా. ఆఖరికి వంటింట్లోంచి కూతురితో గట్టిగా అంది.

"తొక్క తియ్యకుండా అరటిపండు తింటే రుచి ఎక్కణ్ణుంచి వస్తుందే? ఏదైనా ముందు పైతొక్క తియ్యాలి."

కాసేపటికి అల్లుడు లోపలికి వచ్చి, "అరటిపళ్లున్నాయా అత్తయ్యగారూ?" అని అడిగాడు.

కూతురు తల్లి ముఖం చూసింది. అల్లుడు పండు తీసుకుని వెళ్లాక, "ఏంటమ్మా సంగతి?" అంది.

"కొసలు గీకలేదే. ఒక పక్క ఇటూ ఇంకో పక్క అటూ చుట్టాడు. ఈ జన్మకు వెలగదది."

"మరి చెప్పొచ్చుగా?"

"అల్లుడికి అత్త పాఠం చెప్తే బావుంటుందా? నువ్వు చెప్పు."

"నేను చెప్తే మూడు రోజులు అలుగుతారు. ఇంటర్వ్యూ శుక్రవారమే." కూతురు గిన్నె మీద మూతపెట్టింది. "నాన్నతో చెప్పించు."

"మీ నాన్నకు తెలియదు కదా."

"నాన్నకు తెలియదా?" కూతురు గరిటె పట్టుకున్న చెయ్యి గాల్లో ఆగింది. "మరి ఇన్నేళ్లూ షాపులో..." ముందు గది వైపు చూసింది. వెనక గది వైపు చూసింది. పుట్టి పెరిగిన ఇంటిని అప్పుడే చూస్తున్నట్టు చూసింది.

*

బుధవారం మధ్యాహ్నం మోటారుసైకిలాయన వచ్చి తన బ్యాటరీ పట్టుకుపోయాడు. భోజనాలయ్యాక మగవాళ్లిద్దరూ పడుకున్నారు. మామగారి గురక ముందు గదిలోంచీ, అల్లుడిది మధ్య గదిలోంచీ, ఒకటి ఆగితే ఒకటి అందుకుంటూ వినిపిస్తున్నాయి.

అత్తగారు కాయిల్ తీసుకుని వెనక గదిలోకి వెళ్లింది. పాత తీగ విప్పేసి కొత్త తీగ అందుకుంది. పదిహేను, కొస, పదిహేను, అంతా ఒకే దిక్కు. నాలుగు చోట్ల దారంతో కట్టింది. బ్లేడు వేలి మీద ఆనించి ఒక్కొక్క కొసనూ గీకింది, రాగి ఎర్రగా మెరిసేదాకా. రెండో కాయిల్‌కూ అంతే. కాగితం మీద బొమ్మలో ఏ కొస ఎక్కడికి పోవాలో చూసుకుని మెలిపెట్టింది. బ్యాటరీ మాత్రం తగిలించలేదు. పెట్టిన చోటే పెట్టి వచ్చి అంట్ల గిన్నెలు ముందేసుకుంది. మొత్తం పది నిమిషాలు పట్టలేదు.

నాలుగింటికి అల్లుడు లేచి, ఆవలిస్తూ చిన్న బ్యాటరీ తగిలించాడు. రెండో కాయిల్‌ను చేత్తో ఎత్తి పట్టుకున్నాడు. బియ్యపు గింజ వెలిగింది.

ఆవలింత సగంలో ఆగిపోయింది. కాయిల్‌ను పైకెత్తాడు, వెలుగు తగ్గింది. దించాడు, పెరిగింది. మధ్యలో పుస్తకం అడ్డుపెట్టినా వెలుగుతూనే ఉంది. "మామయ్యగారూ" అని పిలిచిన పిలుపుకు మామగారు చెప్పులు తారుమారుగా వేసుకుని పరిగెత్తుకొచ్చారు.

"నిన్న ఆ పెద్ద బ్యాటరీ చూసి జడుసుకుని ఉంటుంది" అన్నారు వెలుగును చూస్తూ. "ఇవాళ దారికొచ్చింది. నే చెప్పలా, లోపమంతా బ్యాటరీదేనని."

"మీరు చెప్పారు" ఒప్పుకున్నాడు అల్లుడు.

ఇద్దరూ ఒకరినొకరు మెచ్చుకున్నారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని విన్నాను గానీ మామ కూడా చెయ్యేస్తాడని వినలేదు అనుకుంది అత్తగారు, చివరి గిన్నె కడిగి బోర్లిస్తూ. కోపం రాలేదు. పిల్లవాడి ఉద్యోగం గట్టెక్కితే అదే చాలు.

కానీ అల్లుడి సంతోషం ఊరుకోలేదు. ఇంటర్వ్యూలో వెనక కూర్చున్న వాళ్లకు కూడా కనపడాలంటే ఇంకా పెద్ద కాయిల్ ఉండాలని, గురువారం పొద్దున్నే పెద్ద డబ్బా మూతకు కొత్త కాయిల్ చుట్టాడు. కాఫీ తాగడానికి మధ్యలో ఆగాడు కూడా. పాత కాయిల్ పక్కకు తీసి కొత్తది తగిలించాడు. బల్బు వెలగలేదు.

ఈసారి మామగారిని పిలవలేదు. రెండు కాయిళ్లనూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత లేచి, రెండూ చేతిలో పట్టుకుని, ముందు గది వైపు కాకుండా వెనక గది వైపు నడిచాడు.

*

అత్తగారు అచ్చు తిప్పుతోంది. లెక్క మధ్యలో ఉంది కాబట్టి తలెత్తలేదు. అల్లుడు గుమ్మంలోనే ఆగాడు. నూట అరవై దగ్గర ఆపి, తీగకు ముడేసి, అప్పుడు చూసింది.

"ఇది నేను చుట్టింది కాదు అత్తయ్యగారూ." చిన్న కాయిల్ చూపించాడు. "నాకు దారంతో ఇలా ముడెయ్యడం రాదు. మామయ్యగారికీ రాదు, ఇందాక చెప్పు తెగితే ముడెయ్యమన్నాను, చూశాను." గోడకు ఆనించి ఉన్న మోటారు వైపు చూశాడు. లోపల వరసగా కట్టిన కాయిళ్లకు అవే ముడులు. "ఇవన్నీ మీరేనా?"

ఎవరూ అడగని ప్రశ్నకు జవాబు సిద్ధంగా పెట్టుకునేవాళ్లు ఉండరు. "ఏదో బాబూ, చేతనైనంత" అంది.

అల్లుడు నేల మీద చతికిలబడ్డాడు. ఆమె కంగారుగా పీట జరపబోతే వద్దన్నాడు.

"నాదెందుకు వెలగలేదు?"

"మీకు చెప్పేంతదాన్నా?"

"రేపు పొద్దున పదింటికి ఇంటర్వ్యూ" అన్నాడు అల్లుడు. "ఆ తర్వాత పరుపుల కొట్టు."

అత్తగారు పెద్ద కాయిల్ కొస పట్టుకుని బ్లేడు ఆనించి ఒక్కసారి గీకింది. ఎర్రటి రాగి బయటపడింది. గీకినదాన్నీ గీకనిదాన్నీ పక్కపక్కన పట్టుకుని చూపించింది.

అల్లుడు చాలాసేపు చూశాడు. చెవులు కూడా ఎర్రబడ్డాయి.

"కాయిల్ తీగ మీద విద్యుత్ బంధక పూత ఏల? అయిదు మార్కుల ప్రశ్న" అన్నాడు మెల్లగా. "ఆరేళ్లు నేనే నోట్సు రాయించాను. రాయని వాళ్లను నిలబెట్టాను కూడా."

అత్తగారు నవ్వు ఆపుకోవడానికి పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అల్లుడు ముందు నవ్వాడు. దాంతో ఆమె కొంగు తీసేసింది.

"ఇంకోటి కూడా ఉంది బాబూ. సగం ఇటు చుట్టారు, సగం అటు. బండికి ముందో ఎద్దునూ వెనకో ఎద్దునూ కట్టినట్టు. ఒకటి లాగినదాన్ని ఇంకోటి వెనక్కి గుంజుతుంది."

"నేర్పండి."

రెండు గంటలు పట్టింది. మొదటి కాయిల్ వదులైంది. రెండోదానికి లెక్క తప్పింది, ఇరవై తొమ్మిదో ముప్పయ్యో ఇద్దరూ ఒప్పుకోలేక విప్పేశారు. మూడోది చుడుతుండగా తీగ తెగింది. "గుంజొద్దు, అదే వస్తుంది" అంది అత్తగారు. 'మీరు' అనడం ఎప్పుడో మర్చిపోయింది. "వేలు అడ్డం పెట్టు. ఆ వేలు కాదు. కళ్లు తీగ మీద, లెక్క నోట్లో. కాఫీ గీఫీ తర్వాత." నాలుగోది చుడుతున్నప్పుడు ఆమె చెయ్యి వెయ్యలేదు. అతనితో పాటు పెదాలు మాత్రం కదిపింది. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ముప్పై.

కొసలు అతనే గీకాడు, బొటనవేలు కొంచెం తెగింది. బల్బు వెలిగింది. దాన్ని ఆమె చేతికిచ్చాడు.

ఆమె కాయిల్‌ను పైకీ కిందికీ ఆడించింది. "మధ్యలో ఏమీ లేదు కదా. ఎలా వస్తుంది?"

అల్లుడు తెగిన వేలు నోట్లో పెట్టుకున్నవాడల్లా తీసేసి చెప్పడం మొదలుపెట్టాడు. ట్రాన్సిస్టరు క్షణానికి కొన్ని వేలసార్లు కరెంటును వదులుతుంది, ఆపుతుంది. వదిలినప్పుడల్లా కాయిల్ చుట్టూ అయస్కాంతం పుడుతుంది, ఆపినప్పుడల్లా పోతుంది. పుట్టి చస్తున్న ఆ అయస్కాంతం పక్కనున్న కాయిల్‌ను కుదుపుతుంది. కుదిపితే దాన్లో కరెంటు పుడుతుంది. నిలకడగా ఉంటే మాత్రం ఏమీ పుట్టదు. బోర్డు లేదు కాబట్టి రెండు చేతులతో గాల్లో గీశాడు. మోటారు తిరగడానికీ మూలం అదే అయస్కాంతమని, గోడకున్న మోటారు దగ్గరికి వెళ్లి ఏ కాయిల్ ఏం చేస్తుందో వేలు పెట్టి చెప్పాడు.

అత్తగారు పని ఆపి వింది. ఇన్నేళ్లలో ఎన్ని వేల కాయిళ్లు చుట్టిందో, అవి లోపలికెళ్లి ఏం చేస్తాయో ఎవరూ ఇలా కూర్చోబెట్టి చెప్పలేదు. తనూ అడగలేదు. పాఠం చెప్తున్నప్పుడు అల్లుడి ముఖంలో గ్లాసుకు తీగ చుట్టిన మనిషి లేడు. ఈ పిల్లవాణ్ణి పరుపుల మధ్య కూర్చోబెడితే పాపం తగులుతుంది అనుకుంది.

*

శుక్రవారం పొద్దున మామగారు ఉతికిన చొక్కా తొడుక్కుని సిద్ధమయ్యారు. "వైండింగ్ గురించి వాళ్లేమైనా అడిగితే పక్కన ఒక అనుభవస్తుడు ఉండాలి" అన్నారు.

అల్లుడు సంచి భుజానికి తగిలించుకుంటూ, "అత్తయ్యగారిని తీసుకెళ్తానండీ" అన్నాడు. "దారిలో తీగ తెగితే మళ్లీ చుట్టాలి కదా."

"ఆవిడెందుకు, నేను లేనూ?"

కూతురు గోడ వైపు తిరిగి క్యాలెండరు సరిచేసింది. మామగారు అల్లుణ్ణి చూశారు, భార్యను చూశారు, తర్వాత తన చొక్కా బొత్తాములను చూసుకున్నారు. "షాపు మూస్తే గిరాకీ పోతుంది. నేనిక్కడే ఉంటాను" అన్నారు.

బడి వరండాలో బెంచీ మీద అత్తగారు కూర్చుంది. ఒళ్లో తీగ రీలు, బ్లేడు ఉన్న సంచి. తలుపు ఓరగా ఉంది. లోపల అల్లుడి గొంతు మొదట వణికి, తర్వాత కుదురుకుంది. పుట్టి చచ్చే అయస్కాంతం దాకా వచ్చేసరికి నిన్నటి గొంతే అయింది. ఆ తర్వాత ఎవరో "ఓ" అన్నారు. వెలిగిందన్నమాట.

"బావుంది" అంది ఒక ఆడ గొంతు, పెద్ద టీచరుది కావచ్చు. "ఈ కాయిల్ ఎవరు చుట్టారు?"

"నేనే చుట్టానండీ" అన్నాడు అల్లుడు.

అత్తగారు వేళ్లు బిగించి, గుండెలో కలుక్కుమంటుందని ఎదురుచూసింది. కలుక్కుమనలేదు. ఆ ముప్పై చుట్లూ అతనే చుట్టాడు. తను పక్కన కూర్చుని లెక్కపెట్టింది. అబద్ధం ఒక్క చుట్టులోనూ లేదు. 'నేనే' అన్న మాట నిజంగా చేసినవాళ్ల నోట్లోంచి వస్తే ఇంత తేలిగ్గా ఉంటుందా అనిపించింది.

"మొదటిసారే వెలిగిందా?"

"మూడు రోజులు వెలగలేదండీ. తీగ మీద పూత గీకలేదు. ఆరేళ్లు అదే పాఠం చెప్పాను. మా అత్తగారు చేత్తో చూపిస్తే తప్ప నాకు తెలియలేదు."

లోపల నవ్వులు వినిపించాయి. వెక్కిరింపు నవ్వులు కావు. పెద్ద టీచరు ఇంకా ఏదో అడిగింది, అల్లుడు ఏదో చెప్పాడు. అత్తగారికి ఆ మాటలేవీ చెవికెక్కలేదు. గోడ ఫ్యాన్లలో, పైకప్పు ఫ్యాన్లలో, నీళ్ల పంపుల్లో తిరుగుతున్న తన చుట్లన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. వాటిని ఎవరు చుట్టారంటే ఏం చెప్తారు?

అరగంటకు అల్లుడు బయటికొచ్చాడు. సోమవారం నుంచి రమ్మన్నారట. చెప్పి, పక్కన కూర్చుని, ముఖం తుడుచుకోవడానికి రుమాలు తీశాడు. అది గరుకు కాగితం. రుమాలు ఇంట్లోనే మరిచాడు.

*

ఇంటికి వచ్చేసరికి ముందు గదిలో లాండ్రీ ఆయన ఉన్నాడు. బట్టలు పిండే మెషీను మోటారు కోసం వచ్చాడు. అది తీసుకెళ్లడానికి సిద్ధంగా బల్ల మీద ఉంది. మామగారు కుర్చీలో వెనక్కి వాలి మాట్లాడుతున్నారు.

"పోయినసారి మీరు చుట్టింది అయిదేళ్లు ఆగిందండీ. బయట చేయిస్తే ఆర్నెల్లు రాలేదు" అంటున్నాడు లాండ్రీ ఆయన. "ఏం చేస్తారో గానీ మేస్త్రీగారూ, ఇది కూడా మీరే చుట్టారుగా?"

"ఏదో, మన చెయ్యి..."

"నేను చుట్టానండీ" అంది అత్తగారు.

గుమ్మంలో చెప్పులు విడుస్తూ అంది. గట్టిగా అనలేదు. టైమెంతయిందంటే చెప్పినట్టు అంది. అల్లుడు ఆమె వెనకే ఆగిపోయాడు, లోపల్నుంచి ఎదురొచ్చిన కూతురు పక్కనే ఆగింది. లాండ్రీ ఆయన మామగారిని చూశాడు. మామగారు తెరిచిన నోరు అలాగే ఉంచారు.

"పోయినసారిది కూడా నేనే. దానికి నూట పద్దెనిమిది చుట్లు. ఈసారి తీగ ఒక నెంబరు లావుది వేశాను, మీ దగ్గర లోడెక్కువని. మధ్యాహ్నం పూట గంట ఆపండి, చల్లారుతుంది."

"మధ్యాహ్నం ఆపకపోతే?" అన్నాడు లాండ్రీ ఆయన, ఈసారి ఆమె వైపు తిరిగి.

"మళ్లీ నా దగ్గరికే వస్తుంది."

మామగారు లేచారు. కుర్చీ ఖాళీ అయింది. లేచాక ఎక్కడికి వెళ్లాలో తోచక బల్ల మీది పాత బేరింగు తీసి, చూసి, మళ్లీ అక్కడే పెట్టారు. అల్లుణ్ణి చూశారు. అల్లుడు నేల చూపులు చూశాడు, కానీ పక్కకు తప్పుకోలేదు.

"నిలబడే మాట్లాడతావేం, కూర్చో" అన్నారు మామగారు భార్యతో. "అతనికేం కావాలో చెప్పు. నేను... కాఫీ పెట్టుకొస్తాను అందరికీ."

ఆ ఇంట్లో ఆయన కాఫీ పెట్టడం కూతురు పుట్టాక ఇదే మొదలు. కూతురు లోపలికి కదలబోతే తల్లి చెయ్యి పట్టుకుని ఆపింది.

అత్తగారు కుర్చీలో కూర్చుంది. లాండ్రీ ఆయన తన రెండో మెషీను చేసే చప్పుడు గురించి చెప్పడం మొదలుపెట్టాడు. వంటింట్లో ఒక డబ్బా మూత తీసిన చప్పుడైంది, పెట్టిన చప్పుడైంది. ఇంకో డబ్బా, ఇంకోటి. గరిటె కిందపడింది. "ఏమే, పంచదార..." అని వినిపించి, మధ్యలోనే ఆగిపోయింది. మళ్లీ డబ్బాల చప్పుడు.

పంచదార పై అరలో, మూడో డబ్బాలో ఉంది.

"ఆ చప్పుడు మొదలుపెట్టగానే వస్తుందా, వేడెక్కాక వస్తుందా?" అని అడిగింది అత్తగారు. లాండ్రీ ఆయన నిదానంగా ఆలోచించాడు. ఆమె కూడా తొందరపడలేదు.